25 లక్షల కార్డా, రూపాయి మాత్రా? ఆరోగ్యం కోసం ప్రభుత్వాన్ని ఏం అడగాలి

2023 డిసెంబరులో మన రెండు రాష్ట్రాల మధ్య ఒక చిన్న వేలంపాట నడిచింది. 9వ తేదీన తెలంగాణలో కొత్త ప్రభుత్వం ఆసుపత్రి ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ కార్డు పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. పది రోజులు తిరక్కుండానే ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ప్రభుత్వం ఏకంగా 25 లక్షలు అంది. మా ఊరి టీకొట్టు దగ్గర ఆ వారమంతా అదే చర్చ, ఎవరి కార్డు పెద్దది అని.

నాకు మాత్రం మా మేనమామ గుర్తొచ్చాడు. తాపీమేస్త్రీ. బీపీ ఉందని తనకు తెలుసు. ఆసుపత్రిలో మాత్రలు ఇస్తే వేసుకునేవాడు, స్టాకు రాలేదు వచ్చే వారం రమ్మంటే ఊరుకునేవాడు. ఆ ఒక్క షీటు కోసం పని మానుకుని రెండోసారి ఎవరు పోతారు? ఒంట్లో బాగానే ఉంది కదా అనుకున్నాడు. 52 ఏళ్ల వయసులో ఒకరోజు పొద్దున, పరంజా మీద ఉండగానే కుడిచెయ్యి పడిపోయింది. తలకు ఆపరేషన్ కార్డు మీదే అయింది. మేం పైసా కట్టలేదు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కానీ మామయ్య మళ్లీ తాపీ పట్టలేదు. ఇప్పుడు ఆ ఇల్లు మా అత్త మిర్చి కోతల మీద నడుస్తోంది.

అప్పటి నుంచి ఏ ఆరోగ్య పథకం గురించి విన్నా నేను చూసేది ఒకటే. దీని వల్ల ఒక ఇంటికి ఎన్ని కూలి రోజులు మిగులుతాయి? ప్రభుత్వాలు ఒక సభలో ప్రజారోగ్యం గురించి, ఇంకో సభలో పెట్టుబడుల గురించి మాట్లాడతాయి. తాపీ పట్టే చెయ్యి మాత్రం రెండు లెక్కల్లోనూ ఒకటే. కాబట్టి బడ్జెట్ రూపాయి పెట్టడానికి ఉన్న దారులన్నింటినీ ఈ కొలతతోనే పోల్చి చూద్దాం.

కార్డు దారి

ముందు దీనికి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చేద్దాం. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యే నాటికి గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మడమే. లేదంటే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పట్టుకుని ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడటం. ఆ అర్జీల కట్టల్లోంచే ఈ పథకం పుట్టింది. అరెకరం అమ్ముకోకుండా మిగిలిన కుటుంబాలు ఊరికి రెండు మూడైనా ఉంటాయి. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చేసరికి మనకు ఇందులో పదకొండేళ్ల అనుభవం ఉంది.

అయితే ఈ కార్డు మంచం పట్టాక పనిచేస్తుంది, పట్టకముందు కాదు. రోజూ వేసుకునే బీపీ మాత్రకు, షుగర్ మాత్రకు అది పనికిరాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. బిల్లులు ప్రభుత్వం కట్టాలి, వైద్యం ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రిలో జరగాలి. ఖజానాలో డబ్బు బిగుసుకున్నప్పుడల్లా బకాయిలు పేరుకుంటాయి, నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసు ఇస్తాయి, ఆసుపత్రిలో కార్డు పని చూసే ఆరోగ్యమిత్ర టేబుల్ దగ్గర మనం నిలబడతాం. రెండు రాష్ట్రాల్లోనూ ఇది చూశాం, పార్టీతో పనిలేకుండా చూశాం. పరిమితి 10 లక్షలా 25 లక్షలా అన్నదాని కన్నా, ఆసుపత్రికి బిల్లు ఎన్ని నెలల్లో అందుతోంది అన్నదే అసలు ప్రశ్న. కార్డు మీద ఆ అంకె వేయరు.

ఈ దారిలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య ఆసరా అని తెచ్చింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు విశ్రాంతి తీసుకోమన్న కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000. ఆ డబ్బు కూలికి సరిపోదు, తెలుసు. కానీ జబ్బు అంటే ఆసుపత్రి బిల్లు ఒక్కటే కాదు, పోయిన కూలి కూడా అని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. ఫ్యాక్టరీ కార్మికులకు ఈఎస్ఐ బీమాలో ఈ హక్కు ముందు నుంచీ ఉంది, జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. మామయ్యలా రోజు కూలికి పోయే తాపీమేస్త్రీకి ఈఎస్ఐ ఉండదు.

మాత్రల దారి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే మా మామయ్య చెయ్యి పోయింది ఇక్కడే.

తమిళనాడు 1994లో మందులు కొనడానికి ఒక ప్రత్యేక కార్పొరేషన్ పెట్టింది. పని చాలా మామూలుగా ఉంటుంది. అవసరమైన మందుల జాబితా ఒకటి. రాష్ట్రం మొత్తానికి కలిపి టెండరు, కాబట్టి ధర బాగా దిగుతుంది. జిల్లాల్లో గోదాములు. వచ్చిన ప్రతి బ్యాచ్‌ నమూనా ల్యాబుకు పోతుంది, పాసైతేనే బయటికి వస్తుంది. ప్రతి ఆసుపత్రికీ బ్యాంకు పాసుబుక్కు లాంటి పుస్తకం ఉంటుంది, అందులో ఏడాదికి ఇంత విలువ మందులని రాసి ఉంటుంది. తీసుకున్నకొద్దీ తగ్గుతూ పోతుంది. దగ్గులు ఎక్కువున్న ఊరి ఆసుపత్రి దగ్గు మందు ఎక్కువ తీసుకుంటుంది, పాముకాట్లు ఎక్కువున్న చోటి ఆసుపత్రి దానికి తగ్గట్టు తీసుకుంటుంది. పైనుంచి పంపింది దించుకోవడం కాదు, కావలసింది అడగడం. రాజస్థాన్ 2011లో ఉచిత మందుల పథకం పెట్టినప్పుడు ఈ పద్ధతినే చూసి నేర్చుకుంది.

మనకూ మందులు కొనే కార్పొరేషన్లు ఉన్నాయి. ఉండటం వేరు, షీటు చేతికి రావడం వేరు.

2021 ఆగస్టులో తమిళనాడు ఇంకో అడుగు వేసింది. కృష్ణగిరి జిల్లాలో మొదలుపెట్టిన ఆ పథకం పేరు మక్కళై తేడి మరుత్తువం, అంటే జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం. పొదుపు సంఘాల్లోని ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, బీపీ మిషన్, షుగర్ మిషన్ సంచిలో పెట్టి ఇంటింటికీ పంపారు. ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లకు మాత్రలు ఇంటికే వస్తాయి. 2024లో దాన్ని పని జరిగే చోట్లకు కూడా తీసుకెళ్లారు, కార్మికుడు సెలవు పెట్టి ఆసుపత్రికి పోనక్కర్లేకుండా. నా కూలి రోజుల కొలతలో దీన్ని మించింది నాకు కనిపించలేదు. డ్వాక్రా సంఘాలు మన దగ్గర ఎంత బలంగా ఉన్నాయో చెప్పక్కర్లేదు. అప్పు వాయిదా పుస్తకం అంత జాగ్రత్తగా రాసే ఆడవాళ్లు బీపీ పుస్తకం రాయలేరా?

అలాగని మనం ఏమీ చేయలేదని కాదు. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు ఉన్నాయి, మందులతో పాటు రక్తపరీక్షలు కూడా ఉచితమే. శాంపిల్ అక్కడ తీసుకుని పెద్ద ల్యాబుకు పంపి, రిపోర్టు తెప్పిస్తారు. డాక్టరు ఫీజు కన్నా టెస్టులకే ఎక్కువయ్యే ఈ రోజుల్లో అది చిన్న సాయం కాదు. ఆంధ్రలో విలేజ్ క్లినిక్‌లు పెట్టి, ఫ్యామిలీ డాక్టరు పేరుతో నెలకు రెండుసార్లు డాక్టరు ఊరికి రావాలన్నారు. 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో దాన్ని అధికారికంగా మొదలుపెట్టారు. ఆలోచన మంచిదే. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మారుతుంది, రంగు మారుతుంది. షుగర్ మాత్ర రోజూ వేసుకోవాల్సిందే కదా, దానికి ఎన్నికలతో ఏం పని?

తమిళనాడు అన్నింట్లోనూ ముందుందని మాత్రం అనుకోవద్దు. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, తమిళనాడులో 54. ఆ లెక్కల్లో మనమే మెరుగు. 2020లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాది నిండకుండా పోయిన పిల్లలు తమిళనాడులో 13 మంది, తెలంగాణలో 21, ఆంధ్రలో 24. కేరళలో 6. కాన్పు దాకా మనం బాగానే తీసుకెళ్తున్నాం, ఇంటికి పంపాక బిడ్డ వెనక వెళ్లేవాళ్లు తక్కువైపోతున్నారని నాకు అనిపిస్తుంది. కాన్పుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ముహూర్తం చూసి కోయించుకునే దగ్గర ఏ పథకం ఏం చేస్తుంది!

నీళ్ల దారి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి తోటలతో చూడ్డానికి కోనసీమకు అన్నదమ్ములా ఉంటుంది. ఆ తోటల్లో పనిచేసేవాళ్ల కిడ్నీలు దశాబ్దాలుగా పాడవుతున్నాయి. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు, పైన రానూపోనూ ప్రయాణం. మనిషి ఒక్కడే పోలేడు, వెంట ఒకరుండాలి. అంటే వారానికి ఆరు కూలి రోజులు ఒక్క ఇంట్లోంచి పోతున్నట్టు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. దాన్ని ఈ ఆరు రోజులకు పంచి చూడండి.

2023 డిసెంబరులో అక్కడ రెండు పనులు ఒకేసారి ప్రారంభమయ్యాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఒకటి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఈ 7 మండలాలకు 700 కోట్లతో తాగునీటి పథకం రెండోది. ఈ జబ్బుకు కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు, నీళ్ల మీద ఉన్నది అనుమానమే. మరి కారణం తేలకుండా నీళ్ల మీద అంత డబ్బు పెట్టడం తప్పా? నేను తప్పనను. కిడ్నీ సంగతి ఎలా ఉన్నా శుభ్రమైన నీళ్ల వల్ల విరేచనాలు తగ్గుతాయి, టైఫాయిడ్ తగ్గుతుంది, ఆడవాళ్లకు బిందె మోసే గంటలు మిగులుతాయి. లెక్క తప్పినా నష్టం లేని ఖర్చు ఇది.

ఫ్లోరైడ్ సంగతి వేరు, అక్కడ కారణం నూరుశాతం తెలుసు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంకర్లు పోయే ఫ్లోరోసిస్ జబ్బును దేశంలో మొదట గుర్తించింది 1937లో, నేటి ప్రకాశం ప్రాంతంలోనే. నల్గొండ పేరు మీద ఏకంగా ఒక శుద్ధి పద్ధతే ఉంది, సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపేది. పేరు ప్రపంచమంతా తిరిగింది, ఎముకలు మాత్రం ఇక్కడే వంకర్లు పోయాయి. 2016లో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ నది నీళ్లను ఇళ్ల దాకా తెచ్చింది. దాని లోపాలు ఎన్నైనా చెప్పొచ్చు, కానీ పుట్టబోయే పిల్లల ఎముకల లెక్కలో చూస్తే రాష్ట్రం పెట్టిన మంచి ఖర్చుల్లో అదొకటి. ఒంగిన నడుములు మాత్రం తిరిగి లేవవు. నీళ్ల పథకం ఆలస్యమైతే ఆ తరం మొత్తానికి జీవితకాలం కూలి తగ్గిపోతుంది, తర్వాత ఎన్ని లక్షల కార్డు ఇచ్చినా అది తిరిగి రాదు.

ఇంత చేసినా చాలా ఊళ్లలో నల్లా నీళ్లు వంటకు, స్నానానికి, తాగడానికి మాత్రం 20 లీటర్ల క్యాను. రుచి బాగుండదంటారు. మనుషులకు నమ్మకం కుదరాలంటే పైపు వేస్తే సరిపోదు, టెస్టు రిపోర్టు పంచాయతీ గోడ మీద అంటించాలి.

కళ్లద్దాలు, రాగిజావ

ఇవి చిన్న పద్దులు కాబట్టి పెద్దవాళ్ల ప్రసంగాల్లోకి రావు.

నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడాన్ని మనం చత్వారం అంటాం, వయసుతో వచ్చేదేలే అని వదిలేస్తాం. పోచంపల్లిలోనో ధర్మవరంలోనో మగ్గం ముందు కూర్చున్నవాళ్లను అడగండి. తెగిన పోగు కనపడక ఎంతసేపు తడుముకుంటారో చెబుతారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, అస్సాంలో నలభై దాటిన తేయాకు కూలీలకు దగ్గరి చూపు అద్దాలు ఇస్తే, ఇవ్వనివాళ్లతో పోల్చినప్పుడు వాళ్లు కోసే ఆకు దాదాపు 22 శాతం పెరిగింది. కొన్ని వందల రూపాయల అద్దాలకు ఇంత రాబడి ఇచ్చే పారిశ్రామిక రాయితీ ఏదైనా ఉంటే చెప్పండి. అదే ఏడాది ఆగస్టు 15న తెలంగాణ కంటివెలుగు మొదలుపెట్టి, తొలి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించింది. లోపం ఏంటంటే అది క్యాంపు. వస్తుంది, పోతుంది. అద్దాలు గీతలు పడేది, చత్వారం పెరిగేది క్యాంపు వెళ్లిపోయాకే. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఊళ్లలో విజన్ సెంటర్లు నడుపుతోంది, ఏడాది పొడుగునా తెరిచి ఉండే చోటు. ప్రభుత్వం నేర్చుకోవాల్సింది ఆ పద్ధతి.

తిండి సంగతి మీకు తెలిసిందే. ముందు చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6. దేశంలో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లలో 40 శాతానికి పైగా తమిళనాడులోనే ఉన్నారు. అక్కడ బడిలో మధ్యాహ్న భోజనం 1956 నుంచి ఉంది, 2022 నుంచి పొద్దున టిఫినూ పెడుతున్నారు. ఇది తిన్నందుకే అది వచ్చిందని నేను అనను. కానీ రక్తం లేని పిల్లను ఎనిమిది గంటలు అసెంబ్లీ లైన్ దగ్గర నిలబెట్టలేం. మన బడుల్లో రాగిజావ, చిక్కీ, గుడ్డు దానికోసమే, అవి పిల్లల చేతికి సరిగ్గా అందుతున్నంత కాలం.

కాలేజీలు, ఫార్మా పార్కులు

జిల్లాకో మెడికల్ కాలేజీ అంటే ఓట్లు వస్తాయి, సీట్లు వస్తాయి, పదేళ్లకు డాక్టర్లూ వస్తారు. ఆ డాక్టర్లు మన ఊళ్లో ఉంటారా అన్నది ఇంకో కథ. కాలేజీని కాదనక్కర్లేదు, కానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) బదులుగా ఒప్పుకోవద్దు.

పరిశ్రమల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. టీకాల కంపెనీలున్న హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ, విశాఖలో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ మనకు గర్వకారణాలే. ఉద్యోగాలు వచ్చాయి, టీకాలు ప్రపంచమంతా పోతున్నాయి. అయితే మందుల ఫ్యాక్టరీ రావడం వేరు, ఆరోగ్యం రావడం వేరు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధి చేసి వదిలే నీళ్లను పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ అది. అక్కడి చెరువులు, బోర్లు, పొలాలు పాడైన లెక్కను ఎవరూ ఎగుమతుల లెక్కలోంచి తీసివేయలేదు.

మీ ప్రాంతాన్ని బట్టి

మీది ఫ్లోరైడో, కిడ్నీ జబ్బులో ఉన్న ప్రాంతమైతే మొదటి రూపాయి నీళ్లకే. ఆసుపత్రి రెండోది. శంకుస్థాపన రోజు చప్పట్లు ఆసుపత్రికి ఎక్కువ వస్తాయి, నాయకులకు అది తెలుసు, కాబట్టి మీరే పట్టుబట్టాలి.

ఏజెన్సీ అయితే రోడ్డే మందు. డోలీ మోయడానికి మార్చుకుంటూ ఆరుగురు కావాలి, ఒక్క కాన్పుకు ఆరు కూలి రోజులు. సాలూరులో గిరిజన గర్భిణుల కోసం పెట్టిన లాంటి వసతిగృహం, నెల ముందే వచ్చి ఉండేది, రోడ్డు వచ్చేదాకా అడగదగ్గ ఏర్పాటు. 25 లక్షల కార్డు కొండ దిగలేనివాళ్లకు ఎందుకు?

పట్నంలో బస్తీ అయితే దవాఖానా ఉందా అని కాదు, సాయంత్రం ఎన్నింటిదాకా ఉంటుందని అడగండి. కేరళ 2017లో ఆర్ద్రం అనే పథకం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను మార్చినప్పుడు ఓపీని సాయంత్రం ఆరు దాకా పొడిగించింది, ఎందుకంటే కూలికి పోయినవాళ్లు వచ్చేది అప్పుడే. ఇంటిపక్కన ఫార్మా యూనిట్ వస్తోందంటే ప్రజాభిప్రాయ సేకరణకు తప్పకుండా వెళ్లండి. ఉద్యోగాలు ఎన్నని అడిగాక, వదిలే నీళ్లను ఎవరు పరీక్షిస్తారు, ఆ రిపోర్టు ఎక్కడ పెడతారు అని అడగండి. మామూలు పల్లెల్లో, అంటే మనలో ఎక్కువమంది ఉండేచోట, నా ఓటు మాత్రలకే. 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా ఆరోగ్య ఖర్చులో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికే పెట్టాలంది. కార్డు ఉండనివ్వండి, దాని అంకె పెంచుతామన్నప్పుడు మాత్రం ఆ పెంచే డబ్బుతో మాత్రలు ఎన్నొస్తాయో అడగండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ జన ఔషధి షాపులోనే రూపాయిలోపు దొరుకుతుంది, టెండరులో కొంటే ఇంకా తక్కువ.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఈ వారం మీ పీహెచ్‌సీకి వెళ్లి మందుల స్టాక్ రిజిస్టర్ చూపించమనండి. చూపించకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. ఆమ్లోడిపిన్, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ రెండు వరసలు చాలు. పోయిన ఏడాదిలో ఎన్ని రోజులు సున్నా ఉందో లెక్కపెట్టి, ఆ అంకెను గ్రామసభలో గట్టిగా చదవండి.